ఆకు రాలనివ్వని గంజి

కంటైనరు తలుపు తెరిచే వేళకి మంగాయమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది. తలుపు తెరుచుకుంటున్నది దుబాయి రేవులో. ఆవిడ కూర్చున్నది కడియపులంకలో, తన నర్సరీలో, నీళ్ళ తొట్టి గట్టు మీద. అక్కడ ఫోను పట్టుకుని నిలబడ్డది ఆవిడ కొడుకు గంగాధరం. ఇక్కడ ఫోను పట్టుకున్నది కోడలు హైమ. మధ్యలో సముద్రమంతా ఉన్నా బొమ్మ మాత్రం శుభ్రంగా కనబడుతూనే ఉంది.

"కళ్ళు తెరవండత్తయ్యా."

"నేను చూళ్ళేనమ్మాయ్. ఆకులున్నాయో లేదో చెప్పు, చాలు."

"ఉన్నాయండి."

"ఎన్నున్నాయేంటి?"

"అన్నీ ఉన్నాయి!" హైమ ఫోను ఆవిడ మొహం దగ్గరికి జరిపింది. "ఒక్కటీ రాల్లేదత్తయ్యా. ఒక్కటీ పండలేదు."

మంగాయమ్మ కళ్ళు తెరిచింది. చీకట్లో, చల్లటి పెట్టెలో, వారాల తరబడి సముద్రం మీద ఊగి వెళ్ళిన మొక్కలు పొద్దున్నే తలంటుకున్నట్టు మెరుస్తున్నాయి. గొడుగాకుల షెఫ్లెరాలు, మచ్చల డైఫెన్‌బాకియాలు, నున్నటి ఫైకస్‌లు, మనీప్లాంట్లు, అన్నీ. ఆవిడ ఫోను లాక్కుని బొమ్మకి ముద్దు పెట్టేసింది. అవతల గంగాధరానికి తల్లి ముక్కు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఆ సంతోషం ఎంత పెద్దదో తెలియాలంటే అంతకు ముందు సంగతి చెప్పాలి. మంగాయమ్మ భర్త పోయాక నర్సరీ నెత్తిన వేసుకుని, కడియంలో పదిమందిలో పేరు తెచ్చుకున్న మనిషి. అలాంటి మనిషి దేశం దాటించిన మొదటి లోడు అవతలి ఒడ్డుకి చేరేసరికి గుండు కొట్టించుకుని దిగింది. ఆకులన్నీ కింద, కాడలన్నీ పైన. మొక్కలడిగితే పుల్లలు పంపారేమిటని కొనుక్కున్నవాడు నవ్వాడట. ఊళ్ళోవాళ్ళు దిష్టి అన్నారు. మంగాయమ్మ కూడా దిష్టే అనుకుంది.

లోడు బయల్దేరే ముందు ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లోపల తలుపు దగ్గర పసుపు రాసిన చక్రకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి వేలాడదీస్తారు. ఆ అత్తం కోడలి పుట్టింటి నుంచే రావాలి. హైమ అన్నగారు కొండలరావుకి రావులపాలెంలో అరటి గెలలు మగ్గబెట్టే గదులున్నాయి కాబట్టి దానికి లోటు లేదు. దిష్టి గట్టిగా తగిలిందని రెండో లోడుకి మంగాయమ్మ అత్తం మానేసి ఏకంగా గెలే కట్టింది. ఆ లోడులో ఆకులు సరే, చిగుళ్ళు కూడా మిగల్లేదు.

హైమ రాజమండ్రిలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. నిల్వలో మొక్కలు ఎందుకు చస్తాయో కనిపెట్టడమే ఆమె పని. అత్తగారికి చెప్పి లాభం లేదనుకుని చూపించింది. రెండు గాజు పెట్టెల్లో రెండు షెఫ్లెరా కుండీలు పెట్టి, ఒకదాంట్లో మాత్రం పండిన చక్రకేళి ఒకటి వేసి మూసింది. పండు ఉన్న పెట్టెలో ఆకులు పచ్చబడి, తొడిమలు వదులై, మంగాయమ్మ చూస్తుండగానే టపటపా రాలాయి. రెండో పెట్టె చెక్కుచెదరలేదు.

"పండేటప్పుడు పండు ఒక గాలి వదుల్తుందత్తయ్యా. ఇథిలీన్ అంటారు. రంగుండదు, మనకి తెలిసేంత వాసనా ఉండదు. పక్కనున్న కాయకి అది పెళ్ళి పిలుపు. ఆకుకి మాత్రం చావు కబురు."

"అయితే దిష్టి తియ్యమని నేను కట్టిందే దిష్టన్నమాట," అంది మంగాయమ్మ. ఆవిడే నవ్వడం మొదలుపెట్టింది.

అరటిపండు మానేసినంత మాత్రాన గండం గడవలేదు. మూసిన పెట్టెలో నలిగిన ఆకు కూడా ఆ గాలి వదులుతుంది. పక్కనుంచి పోయే లారీ పొగలోనూ అది ఉంటుంది. అందుకే హైమ ఏళ్ళ తరబడి కూర్చుని ఒక సూక్ష్మజీవిని పెంచింది. అది ఇథిలీన్ తప్ప ఇంకేమీ తినదు. ఆకుల మీద చల్లితే పల్చటి పొరలా పట్టుకుని, గాలిలో చావు కబురు ఎక్కడున్నా ఆకుకి చేరే లోపు మింగేస్తుంది. అదుపు తప్పకుండా హైమ దానికొక పథ్యం కూడా పెట్టింది. నీళ్ళలో కలిపే ఒక పొడి ఉన్నంతకాలమే అది బతకాలి, పొడి అయిపోతే చచ్చిపోవాలి. పరిశోధనశాలలో దానికి ఏదో నెంబరు పేరుంది. బకెట్లో కలిపితే అచ్చం వార్చిన గంజిలా ఉందని నర్సరీలో మంగాయమ్మ దాన్ని గంజి అంది. ఆ తర్వాత ఆ నెంబరు హైమ కూడా మర్చిపోయింది.

దుబాయి లోడు గెలిచాక కడియం అంతా గంజి పేరే. పక్క నర్సరీల వాళ్ళు బకెట్లు పట్టుకుని వచ్చారు. మంగాయమ్మ నడకే మారిపోయింది.

ఆ రోజుల్లోనే కొండలరావు రావులపాలెంలో కొత్త గదులు కట్టి ప్రారంభోత్సవం పెట్టుకున్నాడు. వియ్యపురాలి హోదాలో వట్టి చేతుల్తో వెళ్ళడం మంగాయమ్మ వంటికి పడదు. మిఠాయి ఎవరైనా పట్టుకెళ్తారంది. వ్యానుడు మొక్కలు సారె పట్టుకెళ్ళింది. గుమ్మాల దగ్గర, గదుల లోపల గోడవారగా, ఎక్కడ చూసినా పచ్చదనమే.

"అన్నయ్య గదుల్లో ఇథిలీన్ పెడతారు కదత్తయ్యా, ఆకులు రాలిపోవూ?" అంది హైమ.

"ఆ మాత్రం తెలీదనుకున్నావా? రెండింతలు గంజి పట్టించాను," అంది మంగాయమ్మ గర్వంగా.

హైమ పకపకా నవ్వింది. మీకు నా కుర్చీ ఇచ్చేయాలి అత్తయ్యా, అంది. అంత చదువుకున్న మనిషికీ ఆ నవ్వులో అసలు సంగతి తట్టలేదు. మగ్గబెట్టే గది అంటే గెలలు పేర్చి, తలుపులు బిగించి, సిలిండరుతో ఇథిలీన్ నింపే గది. గంజికి అది తిండి. పథ్యం మీదున్నవాణ్ణి తీసుకెళ్ళి పెళ్ళి పంక్తిలో కూర్చోబెట్టి ఇద్దరూ చప్పట్లు కొట్టి వచ్చారు.

కొన్నాళ్ళకి కొండలరావు ఫోను చేశాడు. "అమ్మడూ, మన కాయకేదో తెగులొచ్చిందే. గ్యాసు మీద గ్యాసు పెడతన్నాను, రంగు తిరగట్లేదు. పాత గదుల్లోనూ అంతే."

"కొత్త గదులు కదన్నయ్యా, ఎక్కడో లీకవుతూ ఉంటుంది చూడు."

చూశాడు. లీకు లేదు. అప్పటికి పక్కవాళ్ళ గదుల్లోనూ కాయలు మొండికేశాయి. రావులపాలెంలో ప్లాస్టిక్ పెట్టెలు ఒకరివి ఒకరు వాడుకుంటారు. ఆ పెట్టెలతోపాటే రోగమూ షెడ్డు నుంచి షెడ్డుకి పాకింది. రైతులు గెలలు తెస్తూనే ఉన్నారు, కొన్నవాళ్ళు పండించలేకపోతున్నారు. ముందున్నది శ్రావణమాసం. నోముకీ వ్రతానికీ, వాయనానికీ తాంబూలానికీ పండు కావాలి. అలాంటి నెల ముంగిట రావులపాలెం యార్డులో పచ్చి గెలలు పచ్చిగానే నల్లబడి, గొడ్లకి మేతగా పోతున్నాయి.

హైమ వెళ్ళి గది తలుపు తీయించింది. గోడ మీద చెయ్యి పెడితే జిగురుగా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. కాస్త పులిసిన గంజి వాసన. ఆ వాసన ప్రపంచంలో ఎవరికన్నా ఆమెకే బాగా తెలుసు.

"అన్నయ్యా, ఇది తెగులు కాదు. నా గంజి."

కొండలరావుకి వెంటనే అర్థం కాలేదు. చెల్లెలు చెబుతుంటే మొహంలో రంగు మారింది. పొడి లేకపోతే చావాల్సిన గంజి, తిండి విపరీతంగా దొరికేసరికి పొడి లేకుండా బతకడం నేర్చేసుకుంది. గోడలకీ పెట్టెలకీ పట్టేసింది. ఎంత గ్యాసు పెట్టినా కాయకి అందకుండా అదే తాగేస్తోంది.

"అంటే ఇక కాయ పండదా?"

"ఈ గంజి ఉన్నంతకాలం పండదు."

కొండలరావు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "నాన్న ఈ ఊళ్ళో తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేడు. అందరూ కార్బైడ్ పొడి చల్లి పండిస్తుంటే, జనాల నోట్లో విషం పెట్టనని ఒక్కడే నిలబడ్డాడు. ఆ పేరు మీద బతుకుతున్నాం హైమా. రేపు పొద్దున్న యార్డులో ఏమని చెప్పమంటావ్? మా చెల్లెలి గొప్ప చదువు మీ గెలలన్నీ మింగేసిందని చెప్పమంటావా?"

"చెప్పన్నయ్యా. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను."

"నువ్వు చెప్పేది తర్వాత. ముందు కాయ పండే దారి చూడు. అందాకా నాకు కనబడకు."

అన్నగారు ఆమెతో అంత కటువుగా మాట్లాడడం అదే మొదటిసారి. హైమ బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. బస్సు గోదావరి వంతెన దాటుతున్నా నీళ్ళ వైపు చూడలేదు. అన్నయ్య గదుల్లో కాయ పండాలి. అది తప్ప ఇంక ఏ ఆలోచనా ఆమె బుర్రలో లేదు.

పరిశోధనశాలలో హైమకి తోడు షాహీన్ అనే అమ్మాయి ఉంది. ఇద్దరూ కలిసి గాజు పెట్టెల్లో పచ్చి కాయలు, మొండి గంజి పెట్టి తోచిన ప్రతి మందూ వేసి చూశారు. బ్లీచింగ్ నీళ్ళు పోస్తే పైపొర చచ్చింది, సందుల్లోది బతికింది. ఆవిరి పడితే అదే కథ. ఇథిలీన్ ఆపేస్తే నిద్రపోయింది, మళ్ళీ ఇవ్వగానే లేచి కూర్చుంది. ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది. పెట్టెలు పెట్టడానికి చోటు చాలక కొన్ని వరండాలోకి కూడా చేర్చారు.

ఒకరోజు పొద్దున్న షాహీన్ వరండాలోంచి అరిచింది. "మేడమ్! ఒక్కసారి రండి!"

వరుసలో చివరి పెట్టెలో కాయలు పసుపు తిరిగాయి. దానికి వేరే మందేమీ వేయలేదు. మిగతావన్నీ రాయిలా పచ్చగానే ఉన్నాయి. హైమ పెట్టె అటూ ఇటూ తిప్పి చూసింది. మూత సరిగ్గా బిగియలేదు. వరండా చివర ఇనుప గేటు బాగుచేసేందుకు గ్యాస్ కటింగ్ వాళ్ళు తెచ్చిన సిలిండరు గోడకి ఆనించి ఉంది. దాని గొట్టం పట్టీ దగ్గర గ్యాసు సన్నగా లీకై వెల్లుల్లి వాసన కొడుతోంది.

"ఆ సిలిండర్లో ఏం గ్యాసు షాహీన్?"

"ఎసిటిలీన్ కదా మేడమ్."

హైమ అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. షాహీన్‌కి భయమేసింది.

"చూడు. ఎసిటిలీన్, ఇథిలీన్ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. గంజికి తేడా తెలీదు. తన తిండే అనుకుని కొరికింది. తీర్థంలో అమ్మే బెల్లం జీళ్ళు కొరికితే పళ్ళు రెండూ అంటుకుపోతాయి చూడు, అలా అంటుకుపోయింది. ఇక అది నోరు తెరవలేదు. తిండి ముందుంటే నిద్రా పోదు, తినా లేదు, అందుకే చచ్చిపోయింది."

మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. చాలా కొంచెం గ్యాసు చాలు. ప్రతిసారీ గంజి చచ్చింది. గాలి మార్చి, కొత్త కాయలు పెట్టి, మామూలుగా ఇథిలీన్ ఇస్తే చక్కగా పండాయి. హైమకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిజంగానే వేసింది కూడా.

అయితే రావులపాలెం ఒక్కటే శుభ్రం చేస్తే సరిపోదు. సారె మొక్కల ఖాళీ కుండీలు, పెట్టెలు తిరిగి కడియం వచ్చాయి. ప్లాస్టిక్ షీట్లు కప్పిన మంగాయమ్మ పాలీహౌస్‌లో కూడా మొండి గంజి పట్టింది. అక్కణ్ణించి వ్యాను కదిలిందంటే గంజి మళ్ళీ గోదావరి దాటుతుంది. పాలీహౌస్ మూసి ఈ గ్యాసు పెట్టాలి. ఆకుకి కూడా ఆ అక్కచెల్లెళ్ళ తేడా తెలీదు. లోపలున్నవి తల్లి మొక్కలు. వాటి కొమ్మలే కోసి మంగాయమ్మ ఇన్నాళ్ళూ వేల మొక్కలు చేసింది. ఆ తల్లులకి మళ్ళీ గుండు తప్పదు.

ఈ మాట చెప్పడానికి హైమ అత్తగారి ముందు చాలాసేపు నీళ్ళు నమిలింది. చివరికి చెప్పేసింది.

మంగాయమ్మ లేచి పాలీహౌస్‌లోకి వెళ్ళింది. ఒక షెఫ్లెరా దగ్గర ఆగి గొడుగులాంటి ఆకుని అరచేతిలో పట్టుకుంది. అది ఆవిడ భర్త తెచ్చిన మొక్క.

"చస్తాయా?"

"చావవత్తయ్యా. ఆకులు పోతాయి. మళ్ళీ చిగుర్చడానికి టైము పడుతుంది. ఈ ఏడాదికి మనకి లోడు లేనట్టే. కొన్ని కోలుకోకపోనూ వచ్చు."

"మీ అన్నయ్య నీతో మాట్లాడుతున్నాడా?"

హైమ తల అడ్డంగా ఊపింది.

"సారె పట్టుకెళ్ళింది నేను. రెండింతలు పట్టించింది నేను. అదేమో నీ ఒక్కదాని తప్పయినట్టు తిరుగుతున్నావేంటి?" మంగాయమ్మ ఆకుని వదిలేసింది. "తలుపులు బిగించమను. తొందరగా చెయ్యమను. నేను లోపలుంటే మనసు మార్చుకుంటాను."

గ్యాసు పెట్టిన కొద్ది రోజులకి పాలీహౌస్ నేల కనబడలేదు. అంతా పండుటాకులే. మంగాయమ్మ ఎవర్నీ రానివ్వకుండా తనే ఊడ్చింది. ఊడుస్తూ ఏడ్చింది. ఆ సంగతి హైమకి తెలుసు. గోడ ఇవతల ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

రావులపాలెం యార్డులో వ్యాపారులంతా పోగయ్యారు. దాచకుండా మొత్తం చెప్పింది హైమ. గంజి తనదని చెప్పింది, విరుగుడు కూడా తెచ్చానంది. ఎసిటిలీన్ పేరు వినగానే గుంపులో కలకలం రేగింది. ముందు లేచింది కొండలరావే.

"అది కార్బైడ్ గ్యాసే కదా! నాన్న గుమ్మం తొక్కనివ్వని దాన్ని నన్ను లోపలెట్టమంటావా?"

"ఇది కార్బైడ్ పొడి కాదన్నయ్యా. అందులో ఉన్న విషాలు ఇందులో లేవు. కాయ మీద అసలే పెట్టం. గదులన్నీ ఖాళీ చేసి, ఖాళీ పెట్టెలు లోపల పేర్చి పెడతాం. తర్వాత గాలి పూర్తిగా మారుస్తాం. ఆ తర్వాతే కాయ. నాన్న వద్దన్నది జనం నోట్లో పెట్టొద్దని కదా?"

"అందరూ ఒకేసారి ఖాళీ చెయ్యాలా?" అడిగాడొకాయన.

"ఒక్క గది మిగిలినా మళ్ళీ మొదటికొస్తుందండి."

"శ్రావణం ముందు గదులు ఖాళీగా పెట్టుకుని కూర్చోమంటారా? మీకేమండీ, మీ మొక్కలు బాగానే ఉంటాయి."

అప్పుడు మంగాయమ్మ లేచింది. ఫోను తీసి, బోడి తల్లి మొక్కల ఫోటో ఆ పెద్దమనిషి మొహం ముందు పెట్టింది. "ఇయ్యేనండి మా మొక్కలు. నేను ముందు గుండు కొట్టించుకునే వచ్చేనండి. మీరు మూడ్రోజులు గది ఖాళీ చెయ్యలేరా?"

ఫోను చేతులు మారుతూ యార్డంతా తిరిగింది. కొండలరావు ఆ ఫోటో చాలాసేపు చూశాడు. ఆ వేళ మధ్యాహ్నమే తన గదులు ఖాళీ చేయించాడు. సాయంత్రానికి రావులపాలెం మొత్తం ఖాళీ అయింది. బీడీ, అగ్గిపుల్ల, అగరొత్తి అన్నీ బంద్ చేయించి, ముందు తన గదికే గ్యాసు గొట్టం కలిపాడు. సిలిండరు మర మాత్రం చెల్లెల్ని తిప్పమన్నాడు.

గాలి మార్చారు. గోడలు గీకి చూస్తే గంజి పొలుసుల్లా ఊడిపోయింది. కొత్త గెలలు ఎక్కించి, ఎప్పటిలా ఇథిలీన్ పెట్టి తలుపులు బిగించారు. ఇక ఎదురుచూడడమే. కొండలరావు గది ముందు కుర్చీ వేసుకుని కదల్లేదు. హైమ పెట్టెల మీద కూర్చుంది. అన్నాచెల్లెళ్ళు పొడిపొడిగా టీ తాగావా, అన్నం తిన్నావా అనుకున్నారు తప్ప కాయ మాటెత్తలేదు. ఎత్తాలంటే ఇద్దరికీ భయం.

తెరవాల్సిన రోజు పొద్దున్నే యార్డంతా ఆ గది ముందుకొచ్చింది. కొండలరావు తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"నువ్వు తియ్యవే."

"నా వల్ల కాదన్నయ్యా."

"సరే, ఇద్దరం తీద్దాం."

తలుపు కదలగానే ముందు వాసనొచ్చింది. చూడక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది. లోపల కిందినుంచి పైదాకా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, గది మొత్తం పసుపు పచ్చగా నిండి ఉంది. కొండలరావు ఒక పండు తుంచి, తొక్క తీసి, సగం చెల్లెలి నోట్లో పెట్టి సగం తను తిన్నాడు. తియ్యగా ఉంది. ఆయన చెల్లెలి తల మీద చెయ్యి వేసి, వీధి వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

"పండిందిరోయ్!"

ఆ కేక పక్క షెడ్డు అందుకుంది, దాని పక్కది అందుకుంది. ఒక్కో గది తలుపూ తెరుచుకుంటుంటే కేక రోడ్డు పొడుగునా పరిగెత్తింది. లారీలు హారన్లు కొట్టాయి. ఎవరో హైమని చేతుల మీద ఎత్తేశారు. ఎత్తులోంచి ఆమె గుంపు వైపు చూసింది. ఈ ఏడాది ఒక్క ఆకు కూడా అమ్ముకోలేని మంగాయమ్మ, కొంగు నడుముకి బిగించి, అందరి కంటే గట్టిగా అరుస్తోంది.